పాఠకుల ప్రశ్నలు, వాక్యంలో జవాబులు: స్నేహం పేరు చెప్పి షూరిటీ అడిగితే?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్నేహం గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పేర్లు తీసేసి, కుదించి ఇస్తున్నాం.

వందనాలు. మా సంఘంలోని స్నేహితుడు చిట్టీ పాడుకున్నాడు. నేను ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి షూరిటీ సంతకం పెట్టమంటున్నాడు. వెనకాడుతుంటే సామెతలు 17:17 చూపిస్తున్నాడు: "నిజమైన స్నేహితుడు విడువక ప్రేమించును." సంతకం పెట్టకపోతే వాక్యానికి విరోధంగా నడిచినట్టేనా? (ఒక సోదరుడు, ఏలూరు)

కాదు. మీ స్నేహితుణ్ణి ఆ వచనం దగ్గర ఆగిపోకుండా కింది వచనం కూడా చదవమనండి. పొరుగువాడి కోసం చేతిలో చెయ్యి వేసి పూటబడేవాడు, అంటే షూరిటీ ఉండేవాడు, తెలివిమాలినవాడని 17:18 చెబుతోంది. ఈ రెండు వచనాలనూ పక్కపక్కనే పెట్టింది ఒకే గ్రంథం. స్నేహితుణ్ణి విడవకుండా ప్రేమించడం వేరు, అతని అప్పుకు పూటబడటం వేరు అని సామెతల గ్రంథం పదేపదే చెబుతుంది (6:1-5, 11:15, 20:16, 22:26-27). చివరి చోట కారణం కూడా ఉంది: చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింద ఉన్న పరుపు కూడా లాక్కుపోతారు, అంతదాకా ఎందుకు అని.

బైబిలు ఇవ్వడాన్ని ఎక్కడా ఆపదు. ద్వితీయోపదేశకాండము 15:7-8 బీదవాడికి చెయ్యి ముడుచుకోకుండా అప్పివ్వమంటుంది. చేతిలో ఉన్నది ఇస్తే పోయేది ఆ ఇచ్చినంతే. షూరిటీలో మీరు రాసిచ్చేది ఇంకా సంపాదించని జీతాన్ని, దానితోపాటు మీ పిల్లల ఫీజులను.

లెక్క చూడండి. 50 నెలల 5 లక్షల చిట్టీ, నెలకు 10,000 వాయిదా. మీ స్నేహితుడు పదో నెలలో పాడుకుంటే ఇంకా కట్టాల్సినవి 40 వాయిదాలు. డివిడెండు తగ్గింపులు పక్కన పెడితే 4 లక్షల దాకా మీ సంతకం మీద ఉంటుంది. "ఒకటి రెండు వాయిదాలు తప్పితే చూసుకుందాం" అనుకుని సంతకం పెట్టేవాళ్లు ఈ లెక్క దగ్గరే దెబ్బతింటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో షూరిటీ బాధ్యత కూడా అంతే. ముందు అతని ఆస్తి చూసి, చాలకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. బ్యాంకు లోను అయితే మీ సిబిల్ రిపోర్టులో కూడా పడుతుంది. అతను వాయిదాలు ఎగ్గొడితే రేపు మీ ఇంటి లోను ఆగొచ్చు.

అయితే బైబిల్లో పూటబడిన మంచివాళ్లూ ఉన్నారు. బెన్యామీను కోసం యూదా పూటబడ్డాడు (ఆదికాండము 43:9). ఒనేసిము అనే దాసుడి బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని, తానే తీరుస్తానని పౌలు తన చేత్తో రాసిచ్చాడు (ఫిలేమోను 18-19). ఇద్దరూ ఆ బరువంతా తమ మీదే పడుతుందని తెలిసి మాట ఇచ్చారు. యూదా అయితే సమయం వచ్చినప్పుడు తమ్ముడికి బదులు బానిసగా ఉండటానికి నిలబడ్డాడు (44:33). మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఆ 4 లక్షలూ నేనే కట్టాల్సి వస్తే, ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడకుండా, అతని మీద కసి పెంచుకోకుండా కట్టగలనా? భార్యతో కూర్చుని కాగితం మీద వేసి చూడండి. కట్టగలిగితే పెట్టండి. లేకపోతే ఈ వారంలోనే సూటిగా చెప్పండి: "షూరిటీ పెట్టలేను. నా దగ్గర ఇరవై వేలు ఉన్నాయి, తిరిగి ఇవ్వక్కర్లేదు, తీసుకో." నాన్చడం అతనికే నష్టం. మరో దారి వెతుక్కునే రోజులు పోతాయి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లకు సామెతలు 6:3-5 ఇచ్చే సలహా: ఈ రాత్రి నిద్రపోకముందే వెళ్లు, తగ్గించుకుని బతిమాలు, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో. మన రోజుల్లో దాని అర్థం ఇది. మీరు సంతకం పెట్టిన పత్రం కాపీ, ఖాతా స్టేట్‌మెంటు అడిగి తీసుకోండి. మీ బదులు వేరే షూరిటీని గాని తనఖాను గాని పెట్టమని స్నేహితుణ్ణి గట్టిగా అడగండి. కంపెనీ లేదా బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మీరు బయటపడ్డట్టు, నోటిమాట చాలదు. మీరు కట్టాల్సి వస్తే ప్రతి రసీదూ దాచండి. కట్టిన మేరకు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకుంది.

యోనాతాను తన స్నేహితుడు దావీదు కోసం కన్నతండ్రి సౌలు రాజుకే ఎదురు తిరిగాడు కదా. అతన్ని మాదిరిగా పిల్లలకు ఎలా నేర్పుతాం? (సండేస్కూలు టీచరు, ఖమ్మం)

సమూయేలు మొదటి గ్రంథం 18 నుంచి 20 వరకు, తర్వాత 23, 31 అధ్యాయాలు వరుసగా చదివితే యోనాతాను తండ్రినీ విడవలేదు, స్నేహితుణ్ణీ విడవలేదు అని కనిపిస్తుంది. అతను నడిచిన క్రమం చూడండి. దావీదును చంపమని సౌలు చెప్పగానే ముందు దావీదును దాక్కోమన్నాడు. తర్వాత పొలంలో తండ్రి పక్కన నిలబడి ముఖాముఖి మాట్లాడాడు: ఇతను నీకు చేసిన తప్పేమిటి, ఫిలిష్తీయుణ్ణి చంపినప్పుడు నువ్వూ సంతోషించావు కదా అని (19:2-5). సౌలు అప్పటికి విన్నాడు, చంపనని ప్రమాణం కూడా చేశాడు. రెండోసారి అమావాస్య విందులో అడిగితే సౌలు ఈటె విసిరాడు. తండ్రి మనసు మారదని తేలిపోయాకే ఏసేలు బండ దగ్గర మూడు బాణాలు వేసి, "బాణము నీకు అవతల ఉన్నది" అని పిల్లవాడితో అన్న మాటలతో దావీదుకు గుర్తు అందించాడు. బాణాలు ఏరిన ఆ కుర్రవాడికి సంగతేమీ తెలియదు.

ఇన్ని జరిగినా యోనాతాను తండ్రి మీద సైన్యం లేపలేదు, దావీదు దండులోనూ చేరలేదు. చివరికి గిల్బోవ కొండ మీద తండ్రితో కలిసే యుద్ధంలో చనిపోయాడు. తండ్రి చేసే పాపంలో మాత్రం పాలు పంచుకోలేదు, అంతే. విందుకు రాకపోవడానికి దావీదు చెప్పమన్న బేత్లెహేము సాకును యోనాతాను తండ్రికి చెప్పాడు. దాన్ని గ్రంథం మెచ్చుకోలేదు, ఖండించలేదు. పిల్లలకు దాని మీద సూత్రం కట్టి చెప్పకండి.

పిల్లలకు తప్పక చెప్పాల్సింది వాళ్లిద్దరూ ఒకరికొకరు మాటిచ్చి చేసుకున్న నిబంధన. తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు తీసి దావీదుకిచ్చాడని 18:4లో ఉంది. సింహాసనం ఎక్కాల్సిన రాజకుమారుడు తన గుర్తులన్నీ గొర్రెల కాపరికి ఇచ్చేశాడు. 20:14-15లో అతను తిరిగి కోరింది ఒక్కటే: నా ఇంటివాళ్ల మీద దయ ఎన్నటికీ తీసేయకు అని. ఎందుకంటే కొత్త రాజు వస్తే పాత రాజు వంశాన్ని తుడిచిపెట్టడం ఆనాటి ఆనవాయితీ. తర్వాతి కాలంలో బయెషా రాజు కాగానే యరొబాము రాజు ఇంట ఒక్కరినీ మిగల్చలేదు (1 రాజులు 15:29).

యోనాతాను పోయిన చాలాకాలానికి దావీదు, సౌలు ఇంట ఎవరైనా మిగిలారా అని తానే వెతికించాడు. ఐదేళ్ల వయసులో దాది చేతిలోంచి పడి రెండు కాళ్లూ కుంటివైన యోనాతాను కొడుకు మెఫీబోషెతు, లోదెబారులో మాకీరు ఇంట్లో తలదాచుకుంటున్నాడు. అతనికి సౌలు భూమంతా తిరిగి ఇప్పించి, సౌలు సేవకుడు సీబా కుటుంబాన్ని సాగుకు పెట్టి, తన బల్ల దగ్గరే రోజూ భోజనం పెట్టాడు (2 సమూయేలు 9). తర్వాత సీబా చాడీ విని, రెండో పక్షం అడగకుండా ఆ భూమి మొత్తం సీబాకిచ్చేసిన తొందరపాటూ దావీదుదే (16:4). పెద్ద పిల్లల తరగతిలో అది కూడా చెప్పండి. మాట నిలబెట్టుకునేవాడు కూడా చాడీకి లొంగిపోవచ్చు.

స్నేహితురాలి భర్త హఠాత్తుగా చనిపోయారు. ఏం మాట్లాడాలో తెలియక వెళ్లలేకపోతున్నాను. (ఒక సోదరి, గుంటూరు)

ఈరోజే వెళ్లండి. మాటలు అక్కర్లేదు. యోబు పిల్లలను పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్కరూ ఒక్క మాట అనలేదు (యోబు 2:13). ఆ వారం రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి, నీ వల్ల ఏదో పాపం జరిగి ఉంటుందని వాదించడం మొదలుపెట్టాకే చెడింది. దేవుడు చివర్లో వాళ్లమీద కోపపడి, ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు బలి ఇచ్చి యోబు చేత ప్రార్థన చేయించుకోమన్నాడు (42:7-8).

అందుకని "దేవుడు మంచివాళ్లనే త్వరగా తీసుకెళ్తాడు", "ముందే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది", "ఏడవకు, పిల్లల కోసం ధైర్యంగా ఉండు" లాంటివి అనకండి. మొదటిది దేవుని మీద నింద, రెండోది ఆమె మీద, మూడోది ఏడుపును కూడా తప్పు చేస్తుంది. లాజరు సమాధి దగ్గర ప్రభువే ఏడ్చాడు. "మీ ఆయన" అనకుండా ఆయన పేరు పెట్టి మాట్లాడండి, ఆమె చెబుతుంటే వినండి.

"ఏం కావాలన్నా అడుగు" అంటే ఎవరూ అడగరు. పని మీరే ఎంచుకుని చెప్పండి: "రేపు పొద్దున పిల్లలకు టిఫిన్ నేను తెస్తాను", "స్కూలుకు నేను దింపుతాను". ఇల్లు జనంతో నిండి ఉన్నప్పుడు ఎవరికీ గుర్తురాని పని మరణ నమోదు. 21 రోజుల్లో సమాచారం ఇస్తే సులువు, దాటితే జరిమానా, పై అధికారి అనుమతి అంటూ తిరగాలి. ధ్రువపత్రం కాపీలు ఎక్కువ తీయించండి: బ్యాంకు, ఇన్సూరెన్సు, పెన్షన్, అన్నిటికీ అడుగుతారు. ఆదరణ కూడిక అయిపోయి బంధువులు వెళ్లిపోయాక ఇల్లు ఖాళీ అవుతుంది. మీ ఫోన్‌లో రెండో నెలకు, మొదటి క్రిస్మస్‌కు, ఆయన పుట్టినరోజుకు గుర్తు పెట్టుకోండి. అప్పుడు వెళ్లేవాళ్లు తక్కువ.

నా స్నేహితురాలు తన భర్త కొడుతున్నాడని చెప్పి, ఎవరితోనూ అనొద్దని మాట తీసుకుంది. పేరు చెప్పకుండా ఉపవాస ప్రార్థనలో ప్రార్థన అవసరతగా చెప్పొచ్చా? (పేరు వద్దన్న సోదరి)

వద్దు. పేరు తీసేసినా "మా వీధిలో ఒక సోదరి, ఇద్దరు పిల్లలు" అంటే సగం మందికి అర్థమైపోతుంది. నమ్మకస్థుడు సంగతి దాచుతాడని సామెతలు 11:13 చెబుతోంది. సంఘాల్లో రహస్యాలు బయటికి పొక్కేది చాలాసార్లు ప్రార్థన అవసరతల రూపంలోనే, వాట్సాప్ గ్రూపులోకి వెళ్తే ఇక వెనక్కి రాదు. దేవునికి మీ ఇంట్లో కూర్చుని చెప్పండి.

అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడు మౌనం నమ్మకత్వం కాదు. గొంతు నొక్కడం, కత్తితోనో కిరోసిన్‌తోనో బెదిరించడం, గర్భిణిని కొట్టడం, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, ఆమె చచ్చిపోతానని అనడం: వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకండి. ముందు ఆమెకే చెప్పండి, "ఈ సంగతి నేను దాచలేను, ఫలానావాళ్లకు చెబుతున్నాను" అని. మహిళా హెల్ప్‌లైన్ 181, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112, చనిపోవాలన్న మాటలు వస్తుంటే టెలి మానస్ 14416. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోసం భర్త మీద ముందు క్రిమినల్ కేసు పెట్టాల్సిన పని లేదు, రక్షణ అధికారిని కలిస్తే చాలు.

తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పాస్టరు అయ్యగారిని పిలిచి భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సర్దిచెప్పించడం. బయట చెప్పిందని ఆ రాత్రే మళ్లీ కొడతాడు. యోనాతాను క్రమం ఇక్కడ కూడా పనికొస్తుంది: దావీదును ముందు దాచాడు, ఆ తర్వాతే తండ్రితో మాట్లాడాడు. ఆమె ఒప్పుకుంటే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్ల కాపీలు మీ ఇంట్లో ఉంచండి.

అన్యులతో స్నేహం చేయకూడదని మా పెద్దలు 2 కొరింథీ 6:14 చూపిస్తున్నారు. నా ప్రాణస్నేహితుడు హిందువు. (డిగ్రీ విద్యార్థి, నెల్లూరు)

స్నేహం మానక్కర్లేదు. అక్కడ పౌలు మాట్లాడేది అవిశ్వాసులతో జోడు కట్టడం గురించి, అదీ విగ్రహారాధనలో పాలుపంచుకోవడం గురించి. కింది రెండు వచనాలు చదివితే తెలుస్తుంది. అదే పౌలుకు ఎఫెసులో అల్లరి రేగినప్పుడు, నాటకశాలలోకి వెళ్లొద్దని కబురు పంపి ప్రాణం కాపాడాలని చూసింది ఆసియా దేశాధికారుల్లోని అతని స్నేహితులు (అపొస్తలుల కార్యములు 19:31). తూరు రాజు హీరాము దావీదుకు బతికినంతకాలం స్నేహితుడు. మీ స్నేహితుడి ఇంటి శుభకార్యానికి వెళ్లండి, కష్టానికి ముందు నిలబడండి, పూజలో కూర్చోలేనని మర్యాదగా ముందే చెప్పండి.

చిన్ననాటి స్నేహితురాలితో కలిసి చీరల వ్యాపారం పెట్టాను. లెక్కలు దాచి మోసం చేసింది. ఇప్పుడు ఏడుస్తూ క్షమించమంటోంది. మళ్లీ భాగస్వామిగా చేర్చుకోకపోతే క్షమించనట్టా? (ఒక సోదరి, వరంగల్)

క్షమించడానికి ఒక రాత్రి చాలు. నమ్మడానికి ఆధారం కావాలి. కష్టకాలంలో ద్రోహిని నమ్ముకోవడం విరిగిన పళ్లతో, కీలు వదిలిన కాలితో ఉండటం లాంటిదని సామెతలు 25:19 చెబుతోంది.

యోసేపు ఏం చేశాడో నెమ్మదిగా చదవండి (ఆదికాండము 42-45). అన్నలు తమలో తాము చేసిన తప్పు ఒప్పుకుంటుంటే విని, పక్కకు వెళ్లి ఏడ్చాడు. గోనెల్లో ధాన్యం నింపించి వాళ్ల డబ్బు వాళ్లకే తిరిగి పెట్టించాడు. కానీ తాను ఎవరో మాత్రం చెప్పలేదు. తనను అమ్మేసినప్పుడు వాళ్లు ఎక్కడ తప్పారో సరిగ్గా అక్కడికే తెచ్చి నిలబెట్టాడు: తండ్రికి ప్రియమైన చిన్నవాణ్ణి వదిలేసి వెళ్లిపోయే అవకాశం ఇచ్చాడు. అమ్మేద్దామని ఆనాడు సలహా ఇచ్చిన యూదాయే ఈసారి "నన్ను ఉంచుకోండి, చిన్నవాణ్ణి పంపండి" అన్నాడు. ఆ మాట విన్నాకే యోసేపు గొల్లుమన్నాడు.

మీ స్నేహితురాలు తప్పింది లెక్కల్లో కాబట్టి ఆమె మార్పు లెక్కల్లోనే కనబడాలి. మొదట పాత ఖాతా తేల్చండి: కొన్న సరుకు, అమ్మినది, చేతిలో మిగిలిన స్టాకు, యూపీఐలో వచ్చినది, ఇద్దరూ తీసుకున్నది. తేలిన బాకీకి వాయిదాలు రాసుకోండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య క్షమించమని అడిగి ఊరుకోలేదు, నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. బాకీ తీరేదాకా భాగస్వామ్యం మాట ఎత్తొద్దు. ఈలోగా పలకరింపు మానొద్దు, ఆమె ఇంట్లో కష్టమొస్తే వెళ్లండి, ఆమె చేసింది ఊరంతా చెప్పకండి. తీరాక కూడా వ్యాపారంలో కలవాలన్న నియమమేమీ లేదు.

పంఫూలియలోని పెర్గేలో పనిని విడిచి వెళ్లిపోయిన మార్కును పౌలు తర్వాతి ప్రయాణానికి వద్దన్నాడు. తోటి సేవకుడు బర్నబాతో తీవ్రమైన వాదం జరిగి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును కుప్రకు తీసుకెళ్లాడు. ఏళ్ల తర్వాత పౌలే చెరసాల నుంచి "మార్కును వెంటబెట్టుకుని రా, పరిచారం నిమిత్తం అతడు నాకు ప్రయోజనకరమైనవాడు" అని తిమోతికి రాశాడు. మధ్యలో ఎవరో మార్కుకు పని ఇచ్చి నిలబెట్టారు. మీరు బర్నబాగా ఉండలేకపోయినా, మరొకరు ఆమెకు పని ఇస్తే అడ్డుపడకండి.

నేను కువైట్‌లో ఉంటాను. నాన్నగారు పోయారు. ఆయన ప్రాణస్నేహితుడు మా ఊళ్లో ఒంటరిగా ఉన్నాడు, ఎనభై దాటాయి. ఆయన పట్ల నా బాధ్యత ఎంతవరకు? (ఒక సోదరుడు, రాజంపేట వాస్తవ్యులు)

"నీ స్నేహితునైనను నీ తండ్రి స్నేహితునైనను విడిచిపెట్టకుము" (సామెతలు 27:10). మీ ప్రశ్నకు ఇంత సూటిగా మరో వచనం లేదు.

ఎలాగన్నది బర్జిల్లయి కథలో ఉంది. కొడుకు తిరుగుబాటుకు దావీదు పారిపోయి మహనయీము చేరినప్పుడు పరుపులు, పాత్రలు, కుండలు, గోధుమలు, యవలు, పిండి, వేపిన ధాన్యం, చిక్కుళ్లు, తేనె, వెన్న, గొర్రెలు, జున్ను తెచ్చినవాళ్లలో అతనొకడు (2 సమూయేలు 17:27-29). తిరిగి వెళ్తూ దావీదు యెరూషలేముకు రమ్మంటే, నాకు ఎనభై ఏళ్లు, అన్నం రుచి తెలియదు, పాటగాళ్ల గొంతు వినబడదు, నా ఊళ్లో తల్లిదండ్రుల సమాధి దగ్గరే చనిపోనివ్వండి, కావాలంటే నా బదులు మీ దాసుడు కింహామును తీసుకెళ్లండి అన్నాడు (19:34-37). దావీదు ఆ మాట ప్రకారమే చేశాడు. చనిపోయే ముందు బర్జిల్లయి కొడుకులకు నీ బల్ల దగ్గర చోటివ్వమని సొలొమోనుకు ఒప్పగించాడు.

కాబట్టి పెద్దాయన్ని మీ ఇంటికో, ఆశ్రమానికో తరలించాలని తొందరపడకండి. ఏం కావాలో అడగండి. చాలామంది కోరేది సొంత గడప, వేళకు అన్నం. పక్కింటివాళ్లతో మాట్లాడి నెలకింత అని భోజనం కుదర్చండి, డబ్బు నేరుగా వాళ్లకే పంపండి. బీపీ, షుగరు మందులు మూడు నెలలకు ఒకేసారి కొనిపించండి. వినికిడి తగ్గితే ఫోన్‌లో అరవడం కన్నా చెవి పరీక్ష చేయించి మిషను పెట్టించడం మేలు. ఆదివారం వీడియో కాల్‌లో మీ పిల్లలను కూర్చోబెట్టి, వాళ్ల తాతగారి చిన్నప్పటి సంగతులు అడగమనండి. సెలవులో ఊరు వచ్చినప్పుడు మీ బంధువుల ఇళ్ల కన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్లండి.